డిస్క్ పోలేదు, కరెంటే అందలేదు: హోమ్ సర్వర్ అపోహలు - వాస్తవాలు

దేవరకొండ దిక్కున పెళ్లి వీడియోలు తీసే ఒక తమ్ముడు పోయిన నెల నల్లగొండలో మా షాపుకు వచ్చాడు. ఆ వీడియోలన్నీ దాచడానికి ఇంట్లో హోమ్ సర్వర్ పెట్టుకున్నాడు, అంటే చాలా డిస్కులతో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్. టవల్‌లో చుట్టిన రెండు హార్డ్ డిస్కులు కౌంటర్ మీద పెట్టి, "అన్నా, రెండేండ్లల్ల మూడు పోయినయ్. నాకే ఎందుకిట్లయితుంది?" అన్నాడు. కండ్లు చూస్తే నిద్రపోయినట్టు లేడు. వారంటీకి పంపితే అదే డిస్క్ తిరిగి రాదు, అందులో ఊరివాళ్ల పెళ్లిళ్లున్నాయి. ఆ భయంతోనే ప్రతిసారీ సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయి కొత్తది కొనుక్కొస్తున్నాడు.

రెండింటినీ నా బెంచ్ మీద తగిలించాను. శుభ్రంగా తిరిగాయి. స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 5, 197 నంబర్లు రెండూ సున్నా. అంటే చెడిన సెక్టార్లు (డేటా గళ్లు) లేవు. కానీ 12వ నంబర్ దగ్గర ఆగాను. డిస్కుకు ఎన్నిసార్లు కరెంటు వచ్చి మొదలైందో ఆ లెక్క చెబుతుంది. ఒకదానిలో 612 ఉంది. సర్వర్ రోజూ ఆఫ్ చేస్తావా అని అడిగితే, "పండుగకు కూడా చెయ్యనన్నా" అన్నాడు. అయితే రేపు సర్వర్ క్యాబినెట్ మొత్తం పట్టుకురమ్మన్నాను.

మూత తీయగానే వాసన తెలిసిపోయింది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) నుంచి వచ్చిన ఒకే ఒక్క సాటా పవర్ ప్లగ్గుకు (డిస్కుకు కరెంటిచ్చేది) స్ప్లిటర్ (ఒక ప్లగ్గును ఎక్కువగా చీల్చే తీగ), ఆ స్ప్లిటర్ తోకకు ఇంకో స్ప్లిటర్, వాటికి ఆరు డిస్కులు. ఇంకో సాటా కేబుల్ కట్ట విప్పకుండా అట్లనే పక్కన పడి ఉంది! మొదటి ప్లగ్గు నలుపు పోయి గోధుమ రంగుకు తిరిగింది, ఒక అంచు మైనంలా వంగింది. లాగితే డిస్కు పిన్నులను పట్టుకొని రానంటోంది.

"ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లది, ఎన్ని డిస్కులైనా లాగుతుంది"

లాగుతుంది. కానీ ఆ 650 వాట్లూ ఒక్క తీగలోంచి రావు. ఎన్నిసార్లు చెప్పినా జనానికి ఎక్కని మాట ఇదే, జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేదీ ఇదే.

3.5 అంగుళాల డిస్క్ తిరుగుతున్నప్పుడు తినేది 5 నుంచి 8 వాట్లు. లోపల ఆగి ఉన్న పళ్లేలు వేగం అందుకునే మొదటి కొన్ని సెకన్లలో మాత్రం 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు గుంజుతుంది. స్టార్టింగులో బోరు మోటారు ఎంత గుంజుతుందో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇదీ అంతే. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కో పిన్ను ఓర్చేది 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5. రెండు డిస్కులకు 4 అయిపోయింది. మా తమ్ముడు ఆరింటికి 12 లాగుతున్నాడు.

అప్పుడు ప్లగ్గు వేడెక్కుతుంది. వేడికి కాంటాక్ట్ వదులవుతుంది, వదులైన చోట ఇంకా వేడి. చివరన ఉన్న డిస్కుకు వోల్టేజ్ చాలక ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. డిస్కులన్నీ కలిపి చూసే రెయిడ్ సాఫ్ట్‌వేర్ మాత్రం "డిస్క్ ఫెయిల్" అని ఎర్ర గుర్తు పెడుతుంది. మనం కొత్త డిస్క్ కొంటాం. అదే ప్లగ్గుకు తగిలిస్తాం. కొన్నాళ్లకు ప్లాస్టిక్ కరిగి పిన్నులు ఒకదానికొకటి తగిలితే పోయేది డిస్కులు ఒక్కటే కాదు, ఇల్లు కూడా. తీగలను పోతపోసిన ప్లాస్టిక్‌లో పాతేసిన చవక స్ప్లిటర్లతో ఈ ముప్పు ఎక్కువ.

అందుకే ముందు ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుళ్లన్నీ వాడండి, డిస్కులను వాటి మధ్య పంచండి. ఇంకా కావాలంటే పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి తీసుకోండి, దాని పిన్ను లావు. అడాప్టర్ కొనేటప్పుడు ఒక్కో తీగ విడిగా పిన్నులోకి నొక్కినట్టు కనిపించేదే తీసుకోండి. ఎనిమిది డిస్కులంటే స్టార్టింగులో 16 ఆంపియర్లు. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో అంతకు మించి ఉండాలి, బోర్డు వాటా వేరే. మీ కంట్రోలర్ కార్డులో (డిస్కులను నడిపే కార్డు) డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే సెట్టింగు ఉంటే ఆన్ చేయండి.

ఇంకొకటి, దండం పెట్టి చెబుతున్నా: ఒక కంపెనీ మాడ్యులర్ కేబుల్ (డబ్బా నుంచి ఊడదీయగలిగేది) ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టకండి. ప్లగ్గు పట్టినంత మాత్రాన తీగల వరుస ఒకటి కాదు. 5 వోల్టుల చోటికి 12 వస్తే ఆ కేబుల్ మీద ఉన్న డిస్కులన్నీ ఒకేసారి పోతాయి.

"199 పెరిగింది, డిస్క్ చావుకొచ్చింది"

అది సీఆర్‌సీ ఎర్రర్, అంటే దారిలో డేటా చెడిన లెక్క (స్మార్ట్ రిపోర్టులో 199వ నంబర్). ఎక్కువసార్లు తప్పు డేటా కేబుల్‌దే. మార్చి చూడండి. ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు.

"మన ఎండలకు ఏసీ లేకుంటే డిస్కులు బతకవు"

మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊరు మనది, టెన్షన్ పడడం సహజం. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి రాసిన పేపర్‌లో ఓ మోస్తరు వేడికీ డిస్కులు చెడడానికీ బలమైన సంబంధం కనిపించలేదు. బాగా వేడెక్కినప్పుడు, అదీ పాతబడిన డిస్కుల్లో, తేడా తేలింది. చాలా డిస్కులకు కంపెనీ పెట్టిన హద్దు 60 డిగ్రీలు. నేను 45 లోపు ఉంచడానికి చూస్తాను, ఎండాకాలంలో 50 తాకితే కంగారు పడను. డిస్కుల ముందు నెమ్మదిగా తిరిగే ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, డిస్కుకూ డిస్కుకూ మధ్య వేలెడు సందు ఉంటే చాలా ఇళ్లల్లో సరిపోతుంది. పక్క మూత తీసి పెడితే చల్లగా ఉంటుందనుకోవద్దు. గాలి డిస్కుల మధ్య నుంచి పోకుండా అడ్డదారిన పోతుంది, దుమ్ము మాత్రం లోపలికి వస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కింట్లో ఒక సర్వర్ విప్పితే ఫ్యాన్ రెక్కల మీద ఊక దుమ్ము మెత్తటి దుప్పటిలా పరుచుకొని ఉంది.

నీళ్ల కూలర్‌ను సర్వర్ వైపు తిప్పేవాళ్లూ ఉన్నారు. వద్దు. ఆ తడిగాలి మనుషులకు పెట్టుకోండి.

"ఇన్వర్టర్ ఉంది కదా"

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే లోపు ఎస్‌ఎంపీఎస్ ఓర్చుకునేది పది, పదిహేను మిల్లీసెకన్లు. అంతకంటే ఆలస్యమైతే సర్వర్ ఆగిపోతుంది. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు వేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటును నునుపుగా కాక మెట్లుగా ఇచ్చే రకం) అయితే సర్వర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగ కలపండి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను షట్‌డౌన్ అవుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడితే ఎక్కువసార్లు అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు, ఇంటికి ఎర్తింగ్ లేదని, లేదా సరిగా లేదని అర్థం. మా ఇంట్లోనే ఆరేండ్లు అట్లనే నడిపాను. మా అమ్మ దులపబోయి ఉలిక్కిపడ్డాకనే గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించాను.

దేవరకొండ తమ్ముడికి కేబుళ్లు మార్చి, ఆ రెండు డిస్కులూ తిరిగి పెట్టించాను. ఇప్పటివరకు ఒక్క ఎర్ర గుర్తు లేదు. మరి మొదటిది ఎక్కడ అని అడిగాను. వాళ్ల పిల్లగాడు విప్పి అయస్కాంతాలు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడట. అందులో ఎవరి పెళ్లి ఉందో అడగలేదు.