ఆ ముద్ద నాకెందుకు పెట్టలేదు?

చిట్టితల్లికీ, ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని అడగలేకపోయిన మిగతా పిల్లలకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వడిగిన మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. "అమ్మకి రొట్టె పెట్టారు, నాన్నకి పెట్టారు. నా దగ్గరికొచ్చేసరికి తల మీద చెయ్యి పెట్టి పంపేశారు. నేనేం తప్పు చేశాను తాతయ్యా?"

ముందు జవాబు చెప్పేస్తాను. నువ్వే తప్పూ చెయ్యలేదు. రొట్టే ద్రాక్షరసమూ పంచే ఆ ప్రభువు బల్ల దగ్గర మోకాళ్లూనిన పెద్దవాళ్లలో తప్పు చెయ్యనివాళ్లు ఒక్కరూ లేరు. ఇక నిదానంగా విను.

ఆ బల్లనీ, నీళ్లతో ఇచ్చే బాప్తిస్మాన్నీ సంస్కారాలంటాం. సంస్కారం అంటే ఏమిటో చెప్పడానికి పెద్ద పుస్తకాలున్నాయి. వాటి జోలికి ఇప్పుడు వద్దు. నీ చిన్నప్పుడు అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి, మెత్తగా కలిపి గోరుముద్దలు పెట్టింది కదా. ప్రేమ కంటికి కనబడదు. నీకు కనబడింది అన్నం, అమ్మ చెయ్యి. వినబడింది "ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద" అన్న మాట. అన్నం, మాట, చెయ్యి మూడూ కలిసినచోట ఆ కనబడనిది నీ నోటిదాకా వచ్చింది. సంస్కారమూ అలాంటి ముద్దే. పెట్టేది ప్రభువు.

అన్నం సంగతి చూద్దాం. ఎంత ప్రేమ ఉన్నా అమ్మ ఉత్త గిన్నె చూపించి ముద్ద పెట్టానంటే కుదరదు. బాప్తిస్మానికి నిజమైన నీళ్లు కావాలి, బల్లకి రొట్టే ద్రాక్షరసమూ కావాలి. కేథలిక్కుల అప్పంలో గోధుమపిండి, నీళ్లు తప్ప ఇంకేమీ కలపకూడదు. వాళ్ల పాత్రలో పోసేది పులిసిన ద్రాక్షసారాయి. అందులో గురువు, అంటే వాళ్ల ఫాదరు, రెండు మూడు చుక్కల నీళ్లు కలుపుతాడు. మనలాంటి చాలా సంఘాల్లో పులియని రసం వాడతాం. నల్ల ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి, మరిగించి, చల్లారాక పిసికి పల్చటి గుడ్డలో వడకడతారు. చిన్న గ్లాసుకి పది మిల్లీలీటర్లు పోసినా రెండొందల మందికి రెండు లీటర్లు కావాలి. శుక్రవారమే కాచి బయట పెట్టేస్తే మన హైదరాబాద్ మే నెల ఎండలకి ఆదివారం పొద్దుటికి నురగ కట్టి పులిసిపోతుంది. అందుకే శనివారం సాయంత్రం కాచి ఫ్రిజ్‌లో పెడతారు. ఇలా పులియకుండా కాచి నిలవ చేసే పద్ధతిని బల్ల కోసమే 1869లో థామస్ వెల్చ్ అనే అమెరికా పళ్ల డాక్టరు మొదలుపెట్టాడు.

తర్వాత మాట. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను" అని పాస్టరుగారు అంటారు. కొన్ని దేశాల్లో కొందరు కేథలిక్ గురువులు "ఇచ్చుచున్నాను" బదులు, అందరూ కలిసి ఇస్తున్నట్టు ఉంటుందని "ఇచ్చుచున్నాము" అన్నారు. అలా ఇచ్చినవి చెల్లవని 2020 ఆగస్టులో వాటికన్ తేల్చి చెప్పింది. అలా పొందినవాళ్లు మళ్లీ మొదటినుంచీ బాప్తిస్మం తీసుకోవాల్సి వచ్చింది. ఒక్క అక్షరానికి ఇంత పట్టింపా అనకు. ఆ "నేను" పాస్టరుగారిది కాదమ్మా. ఆయన నోటితో ప్రభువు అంటున్న "నేను".

ఇక చెయ్యి. అమ్మ చేతికి కత్తిపీట గాటు ఉంటే ముద్ద చేదవుతుందా? నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో సరిగ్గా ఈ గొడవే వచ్చింది. రోమా ప్రభుత్వం పెట్టిన హింసలకి భయపడి లేఖనాలు అధికారులకి అప్పగించేసిన బిషప్పులు ఉన్నారు. అలాంటివాళ్ల చేత్తో జరిగినవి చెల్లవని ఒక వర్గం విడిపోయింది. అగస్టీన్ అనే బిషప్పు ఒప్పుకోలేదు. ప్రభువు శిష్యుడు పేతురు ఇచ్చినా, ఆయన్ని పట్టిచ్చిన యూదా ఇచ్చినా, ఆ చేతి వెనక ఇచ్చేది క్రీస్తే అన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ బంతిలో వడ్డించేవాడు మనవాడే.

నువ్వడగకుండానే ఇంకోటి చెబుతాను, ఎందుకంటే ఇది చూస్తే నాకు బాధేస్తుంది. మన గుడిలో కొందరు పెద్దవాళ్లు బల్ల ఉన్న ఆదివారం వెనక బెంచీలో ఉండిపోతారు. "నేను యోగ్యుణ్ణి కాదు" అంటారు. బైబిల్లో పౌలు కొరింథు సంఘంవాళ్లకి "అయోగ్యముగా" తినకండి అని ఉత్తరం రాశాడు, నిజమే. ఆ పదకొండో అధ్యాయాన్ని కొంచెం పైనుంచి చదివితే ఆ మాట ఎందుకొచ్చిందో తెలుస్తుంది. అక్కడ ఉన్నవాళ్లు ముందే తిని తాగేసేవారు, లేనివాళ్లు ఆకలితో కూర్చునేవారు. ఒకే బంతిలో పక్కవాడి విస్తరి ఖాళీగా ఉండగా నీ కడుపు నింపుకోవడమే అయోగ్యంగా తినడం. తోటికోడలితో మాటల్లేకపోతే వెళ్లి మాట్లాడి రావాలి గానీ బల్ల మానేస్తే ఎలా? ఆకలేసినవాడు ఆకలి తీరాక వస్తానంటే కుదురుతుందా?

మరి నీకెందుకు పెట్టలేదు? ఇక్కడ సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు. ఆర్థడాక్స్ సంఘంవాళ్లు బాప్తిస్మంతోపాటే చంటిపిల్లల నోట్లో చెంచాతో వేస్తారు. వాళ్ల లెక్కలో అదే అన్నప్రాశన. అర్థం తెలిసేదాకా బిడ్డకి అన్నం పెట్టకుండా ఉంటామా అంటారు. కేథలిక్కులు ఒకప్పుడు పదీ పన్నెండేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ ఆపేవారు. 1910లో పదో పయస్ పోపు ఇంచుమించు ఏడేళ్లు చాలన్నాడు. మామూలు తిండికీ ఈ అప్పానికీ తేడా తెలిస్తే సరిపోతుందన్నాడు. మన సంఘంలో ఇంకొంచెం ఆగుతారు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం నేర్పి, బిషప్పుగారు తల మీద చేతులుంచి ప్రార్థన చేశాక బల్లకి రానిస్తారు. నీ విస్తరి ముందు నువ్వే బాసింపట్టు వేసుకుని కూర్చునే వయసు రావాలని వాళ్ల ఉద్దేశం. నన్నడిగితే ఆర్థడాక్స్‌వాళ్ల మాటలో బలముందనే అంటాను. అయినా మన ఇంటి పద్ధతి నాకు గౌరవమే. నీ తల మీద పెట్టిన ఆ చెయ్యి నిన్ను పంపేసిన చెయ్యి కాదు. నువ్వూ ఈ ఇంటి పిల్లవేనని చెప్పిన చెయ్యి. ఆ సంగతి నీ బాప్తిస్మం రోజే తేలిపోయింది, మళ్లీ తేల్చే పనిలేదు. అందుకే బాప్తిస్మం ఒక్కసారే.

మీ క్లాసు కేథలిక్ అమ్మాయి మాకు ఏడు సంస్కారాలున్నాయంటే వాదం పెట్టుకోకు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టాభిషేకం, జ్ఞానవివాహం అని వాళ్లు ఏడు లెక్కపెడతారు. ప్రభువు స్వయంగా చెయ్యమన్న రెంటినే, బాప్తిస్మాన్నీ బల్లనీ, మనం సంస్కారాలంటాం. ఆ రొట్టెలో ప్రభువు ఎలా ఉంటాడని అడిగావనుకో, అక్కడ నా గోరుముద్ద పోలిక ఆగిపోతుంది. వెయ్యేళ్లకి పైగా వాదించారు, ఇంకా తెగలేదు. నేనైతే చెయ్యి చాస్తాను, అంతే.

వచ్చే నెల ముందుకొచ్చినప్పుడు కళ్లు మూసుకోకు. బల్ల ముందున్న కటకటాల దగ్గర వరసగా చాచిన అరచేతులు చూడు. ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి దోసిలిలా పడతారు. రైల్వేలో పనిచేసే మావయ్యది ఒకటి, గాంధీ ఆసుపత్రి నర్సమ్మది ఒకటి, మిరపకాయలు దంచిన చెయ్యి ఒకటి. రొట్టె నోట్లో వేసుకున్నాక పొడి రాలిందేమోనని అరచెయ్యి మళ్లీ ఒకసారి ఎవరు చూసుకుంటారో గమనించు. అది చూసి నాకు రాయి.

మీ తాతయ్య