గోడలు లేని బడి: తగాదా మూలం లైసెన్సులో ఉంది

చిన్నపిల్లల బడి రోజంతా చెట్ల కింద నడపొచ్చా అన్న వాదన మళ్లీ రేగింది. వాన, పురుగూ పుట్రా, విరిగిపడే కొమ్మలు: అభ్యంతరాలన్నీ భద్రత పేరుతోనే వస్తున్నాయి. 1950లలో డెన్మార్క్‌లో మొదలైన అడవి బడుల సంగతి చాలామందికి తెలిసిందే. నేటి తగాదాకు అసలు మలుపు 1993లో, జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉంది.

అంతకు పాతికేళ్ల ముందే, 1968లో, అదే దేశంలోని వీస్‌బాడెన్‌లో ఉర్సులా సూబే అడవిలో పిల్లల బడి పెట్టారు. చాలాకాలం అది ఒంటరిగానే మిగిలింది. 1993లో ఫ్లెన్స్‌బుర్గ్‌లోని అడవి బడికి మాత్రం ప్రభుత్వ గుర్తింపు దక్కింది, దాంతో సర్కారు నిధులకూ దారి తెరుచుకుంది. ఇప్పుడు ఆ దేశంలో ఇలాంటి బడులు వెయ్యికి పైగా ఉన్నాయి. గాలివానకు తలదాచుకోవడానికి చాలాచోట్ల ఒక చక్రాల బండిగది ఉంటుంది, అంతే.

గుర్తింపు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2017కు ముందటి పరిస్థితిలో చూడొచ్చు. అక్కడి అప్పటి లైసెన్సు నిబంధనలు భవనాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. భవనం లేదు కనుక లైసెన్సు వచ్చేది కాదు. లైసెన్సు లేదు కనుక రోజుకు నాలుగు గంటల లోపే నడపాల్సి వచ్చేది, ఫీజుకు ప్రభుత్వ సాయమూ అందేది కాదు. రోజంతా పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు ఆ బడికి ఎలా వస్తారు అప్పుడు? ‘ఇది కలిగినవాళ్ల ముచ్చట’ అన్న విమర్శకు చాలావరకు ఈ నిబంధనే కారణం. 2017లో అక్కడ ప్రయోగాత్మకంగా లైసెన్సులకు వీలు కల్పించారు, 2021లో దాన్ని శాశ్వత చట్టం చేశారు.

భద్రత గురించిన భయం ఉత్తదేమీ కాదు. అయితే దానికి తెలిసిన పద్ధతులున్నాయి. పిల్లలు రాకముందే పెద్దవాళ్లలో ఒకరు స్థలమంతా తిరిగి చూడాలి. ముందు తలెత్తి ఎండుకొమ్మలు, తర్వాత నేల మీద గాజుపెంకులు, కందిరీగల గూళ్లు. గాలివాన వెలిశాక మరింత జాగ్రత్త అవసరం: విరిగిన కొమ్మ పైన చిక్కుకుని ఉండి, గాలి లేనప్పుడు కూడా జారిపడుతుంది. కత్తితో పుల్ల చెక్కే పిల్లకు పక్కనే ఒక పెద్ద మనిషి ఉండాలి. గ్లౌజు పుల్ల పట్టుకున్న చేతికే వేయాలి, కత్తి చేతికి వేస్తే పట్టు జారుతుంది. తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి చలిరోజుల్లో లోపల ఊలు, పైన నీరు దిగని కోటు. ఇంటికి పంపేముందు చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక పిడుదుల కోసం వెతకాలి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగాలి. మెలితిప్పితే నోటి భాగం తెగి లోపలే ఉండిపోవచ్చు.

బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ కూడా 2012లో పిల్లల ఆటలో ప్రమాదాన్ని పూర్తిగా తుడిచేయడం లక్ష్యం కాదనీ, లాభాన్నీ ప్రమాదాన్నీ కలిపి తూచాలనీ చెప్పింది. వ్యతిరేకించేవారు అడుగుతున్న తనిఖీ న్యాయమైనదే. గది కొలతలు, కిటికీల లెక్కలు అడిగే ఫారంతో అది జరగదు. చెట్లను చివరిసారి ఎప్పుడు చూశారు, ఒక్కో పెద్దకు ఎంతమంది పిల్లలు, గాలివాన వస్తే ఎన్ని నిమిషాల్లో చూరు కిందికి చేరగలరు అన్నవి ఆ ఫారంలోకి రావాలి.