ఇంటి నుంచి వచ్చే పిల్లలే కదా: కమ్యూనిటీ కాలేజీ హెల్త్ ఫీజు వెనక కథ

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్, కుపర్టినో వైపు ఉండే మన తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు కమ్యూనిటీ కాలేజీకి, అంటే స్థానికులకోసం నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీకి, వెళ్తూనే ఉంటారు. హైస్కూల్ అయ్యాక రెండేళ్లు అక్కడ చదివి పెద్ద యూనివర్సిటీకి మారే పిల్లలు, భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి ఇంట్లో ఖాళీగా కూర్చోలేక ఏదో ఒక కోర్సులో చేరే ఆడవాళ్లు. వాళ్ల ఫీజు రసీదులో అడుగున ఒక వరుస ఉంటుంది: హెల్త్ ఫీజు, ఇరవై చిల్లర డాలర్లు. ప్రీస్కూల్ టీచర్ కోర్సులో చేరేదాకా నేనూ దాని సంగతి పట్టించుకోలేదు.

పసిపిల్లల దగ్గర పనిచేయాలంటే టీబీ లేదని కాగితం చూపించాలి. కాలేజీ హెల్త్ సెంటర్‌కి వెళ్తే నర్సు ముంజేతి మీద సన్నటి సూదితో చర్మంలోకి మందు ఎక్కించి, 48 గంటలు దాటాక, 72 గంటల్లోపు మళ్లీ రమ్మంది. వెళ్లేసరికి అక్కడ ఎర్రగా గట్టిపడి ఉంది. నాకు ఒకటే టెన్షన్. ఆమె స్కేలుతో కొలిచి, "ఇండియాలో పుట్టారా?" అని అడిగింది. జాకెట్టు చెయ్యి పైకి జరిపి బీసీజీ మచ్చ చూపించాను. ఆ టీకా వేయించుకున్నవాళ్లకు చర్మపరీక్ష ఇలా రావచ్చని, రక్తపరీక్షలో ఆ చిక్కు ఉండదని చెప్పి దానికి రాసిచ్చింది. అప్పటికి మా ఇంటికి ఇన్సూరెన్స్ కార్డు కూడా రాలేదు. ఈ దేశంలో నా ఒంటి గురించి మొదట అడిగిన మనిషి ఆ నర్సే. ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక మంచం, ఒక ఫ్రిజ్. వేల మంది చదివే కాలేజీకి ఇంత చిన్న గది ఏమిటన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

అమెరికా కాలేజీలకు విద్యార్థుల ఆరోగ్యం కొత్త విషయమేమీ కాదు. మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ 1861లోనే ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే డాక్టర్‌ని ఆరోగ్య, వ్యాయామ విభాగానికి ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ 1906లో, శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చిన ఏడాదే, విద్యార్థుల దగ్గర ముందుగానే కొద్ది మొత్తం తీసుకుని వైద్యం చేసే పద్ధతి మొదలుపెట్టింది. 1930 కల్లా క్యాంపస్‌లో కోవెల్ పేరుతో సొంత ఆసుపత్రే కట్టింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పిల్లలు ఊరొదిలి వచ్చి హాస్టల్లో ఉంటారు, జ్వరం వస్తే చూసే దిక్కు కాలేజీయే.

కమ్యూనిటీ కాలేజీ పుట్టుక వేరు. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదలైన తొలి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (కమ్యూనిటీ కాలేజీకి అప్పటి పేరు) అక్కడి హైస్కూల్‌కి పొడిగింపుగా పుట్టింది. కాలిఫోర్నియా 1907లో చేసిన చట్టం కూడా హైస్కూళ్లకు పై తరగతులు నడుపుకునే అనుమతి ఇచ్చింది, 1910లో ఫ్రెస్నోలో ఆ పని మొదలైంది. హాస్టళ్లు లేవు. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్లే పిల్లలు. ఇంట్లో అమ్మ ఉంటుంది, వీధి చివర డాక్టర్ ఉంటాడు, ఇక కాలేజీకి ఆసుపత్రి దేనికి? ఈ మాట ఏ చట్టంలోనూ రాసి లేదు. కానీ తర్వాత వచ్చిన లెక్కలన్నీ దీని మీదే నిలబడ్డాయని నా నమ్మకం.

ఆ తేడా ఎంతటిదో ఎడ్ రాబర్ట్స్ జీవితంలో కనిపిస్తుంది. పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింద కదలిక పోయిన మనిషి ఆయన. రాత్రుళ్లు ఊపిరి ఆడించే 'ఇనుప ఊపిరితిత్తి' అనే పెద్ద యంత్రంలో పడుకోవాల్సి వచ్చేది. ముందు కాలేజ్ ఆఫ్ శాన్ మాటియోలో, అంటే కమ్యూనిటీ కాలేజీలో చదివాడు. అక్కడ ఆయన ఒంటిని కనిపెట్టుకున్నది ఇంట్లోవాళ్లే, ముఖ్యంగా తల్లి జోనా. 1962లో బర్క్‌లీకి మారినప్పుడు అంత బరువైన యంత్రాన్ని ఏ హాస్టల్ గదీ మోయలేదు. అప్పుడు చోటిచ్చింది కోవెల్ ఆసుపత్రి. అక్కడ ఉంటూ చదువుకున్న ఆయన, ఆయన తర్వాత అక్కడికే వచ్చిన మరికొందరు వికలాంగ విద్యార్థులు కలిసి వికలాంగుల హక్కుల ఉద్యమానికి పునాది వేశారు. ఆ ఆసుపత్రి లేకపోతే ఆయన చదువు శాన్ మాటియోతోనే ఆగిపోయేదేమో.

ఇక డబ్బు సంగతి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో చాలాకాలం ట్యూషన్ ఫీజే లేదు. ఆరోగ్య సేవలకు మాత్రం కొద్దిపాటి ఫీజు తీసుకునే అధికారం కాలేజీ డిస్ట్రిక్టులకు, అంటే ఆ కాలేజీలను నడిపే స్థానిక సంస్థలకు, ఉండేది. 1978లో ప్రజల ఓటుతో వచ్చిన ప్రాపొజిషన్ 13 అనే చట్టం ఆస్తిపన్నును కత్తిరించేసరికి కాలేజీల ఆదాయానికి గండి పడింది. 1984లో రాష్ట్రం మొదటిసారి సెమిస్టర్‌కు 50 డాలర్ల ప్రవేశ రుసుము పెట్టింది, అదే చట్టంలో హెల్త్ ఫీజు తీసుకునే అధికారాన్ని కొన్నేళ్లపాటు తీసేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. 1983-84లో ఆ ఫీజుతో నడిపిన సేవలను ఫీజు లేకపోయినా అదే స్థాయిలో కొనసాగించాలని కూడా రాసింది. ఆదాయం తీసేసి, ఖర్చు మాత్రం నెత్తిన ఉంచడం.

డిస్ట్రిక్టులు ఊరుకోలేదు. పని అప్పగించిన రాష్ట్రమే దానికి డబ్బివ్వాలని వాదిస్తే, 1986లో సంబంధిత రాష్ట్ర కమిషన్ ఆ వాదన సరైనదేనని తేల్చింది. మరుసటి ఏడాది చట్టం మళ్లీ మారింది. 1986-87లో ఆరోగ్య సేవలు ఇచ్చిన డిస్ట్రిక్టు ఏదైనా సరే ఆ స్థాయి తగ్గించకూడదన్నది కొత్త నిబంధన. అంటే, ఆ ఒక్క ఏడాది నర్సు ఉన్న కాలేజీలో నర్సు ఉండి తీరాలి, లేని కాలేజీకి ఈ నిబంధన వల్ల ఏ బాధ్యతా లేదు. అప్పటికి పుట్టని పిల్లల ఆరోగ్యం ఆ పాత రిజిస్టరుకు ముడిపడిపోయింది. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఫీజు అధికారం 1988 నుంచి తిరిగొచ్చింది. సెమిస్టర్‌కు కొద్ది డాలర్లతో మొదలై, తర్వాత ధరల సూచీని బట్టి ఒక్కో డాలరు చొప్పున పెరుగుతూ ఇరవై దాటింది. రాష్ట్రం నుంచి రావాల్సిన డబ్బు మీద మాత్రం పేచీ చాలా ఏళ్లు నడిచింది. ఫీజు వసూలు చేయని కాలేజీకి కూడా, "వసూలు చేసే అధికారం మీకుంది కదా, ఆ మేరకు కోత పెడతాం" అన్నది రాష్ట్ర ఖర్చుల లెక్కలు చూసే కంట్రోలర్ పద్ధతి. 2010లో అప్పీల్ కోర్టు దాన్ని సమర్థించింది. మొదట్లో పేద విద్యార్థులకు ఈ ఫీజు నుంచి మినహాయింపు ఉండేది. 2005లో చేసిన చట్టంతో అది తప్పనిసరి కాకుండా పోయింది. ప్రార్థనతోనే రోగం నయమవుతుందని నమ్మే మతశాఖలవాళ్లకు, అప్రెంటిస్‌లకు మాత్రం ఉంది.

చిన్న లెక్క వేసి చూడండి. మూడు వేల మంది ఉన్న కాలేజీలో తలకు 20 డాలర్ల చొప్పున రెండు సెమిస్టర్లకు వచ్చేది 1,20,000 డాలర్లు. జీతం, అద్దె, మందులు అన్నీ కలిపితే అది ఒక్క నర్స్ ప్రాక్టీషనర్‌కి (మందులు కూడా రాయగల, పై చదువు చదివిన నర్సుకి) సరిపోవడమే కష్టం. ఇరవై వేల మంది ఉన్న కాలేజీకి డాక్టర్, కౌన్సెలర్ ఇద్దరూ దొరుకుతారు. పల్లె వైపు కాలేజీలు చిన్నవి, అక్కడ బయట డాక్టర్లూ తక్కువే. అవసరం ఎక్కువున్న చోటే డబ్బు తక్కువ.

పనులు మాత్రం పెరుగుతూ వచ్చాయి. 2021 బడ్జెట్‌లో కమ్యూనిటీ కాలేజీల మానసిక ఆరోగ్యానికి ఏటా 3 కోట్ల డాలర్లు కేటాయించారు. కోవిడ్ తర్వాత అది మంచి పనే. రాష్ట్రంలోని 116 కాలేజీలకు పంచితే మాత్రం సగటున రెండున్నర లక్షలు. ఉచితంగా శానిటరీ ప్యాడ్లు అందుబాటులో ఉంచాలని, మత్తుమందు మోతాదు మించినవాళ్లను బతికించే నలొక్సోన్ దగ్గర పెట్టుకోవాలని కూడా ఆ మధ్యే చట్టాలు వచ్చాయి.

ఇక ఆ పాత ఊహ. ఇంటి నుంచి వచ్చే పిల్లలే కదా అనుకున్నారు. నా క్లాసులో నా పక్కన కూర్చునే ఆమెకు ఇద్దరు పిల్లలు, పగలంతా ఉద్యోగం. ఒక కుర్రాడు కారులోనే పడుకునేవాడు. మా క్లాసు సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యేది. ఆ హెల్త్ సెంటర్ తలుపు నాలుగున్నరకే మూసేసేవాళ్లు.