ఎపిసోడ్ అయిపోయింది, తగువు మొదలైంది

కొత్త ఎపిసోడ్ చివర పేర్లు ఇంకా పడుతూనే ఉంటాయి, ఈలోపే తీర్పులు వచ్చేస్తాయి. ఒకరికి ఆ సీరీస్ మొత్తంలో ఇంత గొప్ప ఎపిసోడ్ రాలేదు. ఇంకొకరికి అదే ఎపిసోడ్ పదేళ్ల అభిమానానికి జరిగిన ద్రోహం. ఫలానా పాత్ర అలా మాట్లాడదని ఒకరంటే, ఎప్పుడో మొదటి సీజన్‌లో చెప్పినదానికీ ఇప్పుడు చూపించినదానికీ పొంతన లేదని మరొకరు తేదీలతో సహా నిరూపిస్తారు. ఏ సీరీస్‌కైనా ఇలాంటివి ఉంటాయి కానీ సైన్స్ ఫిక్షన్‌కు పాలు కాస్త ఎక్కువ. ఇక్కడ ప్రేక్షకుడు కథతోపాటు ఒక కొత్త లోకాన్ని, దాని చరిత్రనూ నియమాలనూ ఓపిగ్గా నేర్చుకుంటాడు. అంత కష్టపడి నేర్చుకున్న నియమాన్ని రాసినవాళ్లే తప్పితే ఊరుకోడు.

ఈ గొడవంతా చేతికి ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బని చాలామంది అనుకుంటారు. దీని వయసు టీవీ కంటే ఎక్కువ.

1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక మొదలుపెట్టాడు. అందులో పాఠకుల ఉత్తరాల శీర్షిక ఉండేది. ఉత్తరం కింద రాసినవాళ్ల పేరే కాదు, చిరునామా కూడా వేసేవారు. దాంతో కథలో సైన్సు తప్పుందని రాసిన పాఠకుడికి, తప్పేమీ లేదనే మరో పాఠకుడు నేరుగా జాబు రాయడం మొదలైంది. సంపాదకుడితో పని లేకుండా పాఠకులు తమలో తాము పోట్లాడుకోవడం, స్నేహం చేసుకోవడం, సంఘాలు పెట్టుకోవడం, సొంతంగా చిన్న పత్రికలు అచ్చేసుకోవడం అలా మొదలయ్యాయి. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగే నాటికి ఇదొక అలవాటుగా స్థిరపడింది. అంటే టీవీలోకి అంతరిక్ష నౌకలు వచ్చేసరికే, కాగితం కలం పట్టుకుని కూర్చున్న జనం సిద్ధంగా ఉన్నారు.

వాళ్ల బలం ఎంతో తేలింది 'స్టార్ ట్రెక్' దగ్గర. 1966 సెప్టెంబరు 8న అమెరికా చానల్ ఎన్‌బీసీలో మొదలైన ఆ సీరీస్‌కు రేటింగులు అంతంతమాత్రం. అప్పట్లో రేటింగ్ అంటే నీల్సన్ సంస్థ దాదాపు 1,200 ఇళ్లలో ఏ చానల్ పెడుతున్నారో చూసి కట్టిన లెక్క. ఆ ఇళ్లలో మీది ఒకటి కాకపోతే మీరు చూసినా చూడకపోయినా ఒకటే. రెండో సీజన్‌తో దాన్ని ఆపేస్తారన్న మాట బయటికి పొక్కగానే బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ రంగంలోకి దిగారు. వాళ్లు అభిమానులకు పంపిన సూచనలు చదివితే ఇప్పటి ప్రచార నిపుణులు కూడా ఏదో ఒకటి నేర్చుకోవచ్చు. అందరూ ఒకే నమూనా ఉత్తరం పంపొద్దు, ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. ప్రతి ఒక్కరూ పదిమందిని అడగాలి, ఆ పదిమందీ మరో పదిమంది చేత రాయించాలి.

1967 డిసెంబరు నుంచి 1968 మార్చి వరకు ఎన్‌బీసీకి దాదాపు 1,16,000 ఉత్తరాలు చేరాయి. జనవరిలో కాల్టెక్ విద్యార్థులు బర్‌బ్యాంక్‌లోని ఎన్‌బీసీ భవనం దగ్గరికి ఊరేగింపుగా వెళ్లారు. 1968 మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే, సీరీస్ కొనసాగుతుందని చానలే తెరమీద ప్రకటించింది. ఇక రాయకండి మహాప్రభో అని వాళ్ల ఉద్దేశం కావచ్చు. జనం మాత్రం ఈసారి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరాలు రాశారు! సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీయే తెరవెనక ఈ ఉద్యమానికి చేయూతనిచ్చాడని ఆ సీరీస్‌లో పనిచేసిన అధికారులు తర్వాత రాశారు. అది నిజమైనా అన్ని ఉత్తరాలూ ఒకడు రాయించగలిగేవి కావు.

గెలుపు ఎక్కువ రోజులు నిలవలేదు. మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి 10 గంటలకు తోసేశారు. దాన్ని చూసే కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. చివరి ఎపిసోడ్ 1969 జూన్ 3న వచ్చింది, మొత్తం 79. కానీ స్థానిక స్టేషన్లు ఆ 79నే తిప్పి తిప్పి వేయడంతో అభిమానులు పెరుగుతూ పోయారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లోని ఒక హోటల్లో స్టార్ ట్రెక్ సభ పెడితే, కొన్ని వందల మంది వస్తారనుకున్నచోట దాదాపు 3,000 మంది వచ్చారు. 1976లో నాసా తన మొదటి షటిల్‌కు ఆ సీరీస్‌లోని నౌక పేరే, ఎంటర్‌ప్రైజ్ అని, పెట్టిందంటే అదీ ఉత్తరాల పుణ్యమే.

అట్లాంటిక్‌కు అవతలి గట్టున కథ వేరుగా నడిచింది. నాకు ఆసక్తి కలిగించేది కూడా అదే. కాలంలో ప్రయాణించే 'డాక్టర్' అనే హీరో కథ, బీబీసీ 'డాక్టర్ హూ', 1963 నవంబరు 23న మొదలైంది. ముందురోజే కెనెడీ హత్య జరిగింది, ఎవరి ధ్యాసా టీవీ కథల మీద లేదు. అందుకే మొదటి ఎపిసోడ్‌ను వారం తర్వాత రెండోదానికి ముందు మళ్లీ వేశారు. అప్పట్లో ఒకసారి వచ్చిన ఎపిసోడ్ మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. టేపులు ఖరీదైనవి కాబట్టి బీబీసీ పాతవాటిని చెరిపేసి వాడుకునేది. అయితే కొందరు పిల్లలు టీవీ స్పీకర్ దగ్గర మైకు పెట్టి, ఇంట్లో ఎవరూ మాట్లాడకుండా కాపలా కాసి, ఎపిసోడ్ శబ్దాన్ని టేప్‌రికార్డర్లో ఎక్కించుకున్నారు. ఆ కాలపు ఎపిసోడ్లు చాలావాటికి ఇవాళ బొమ్మ లేదు. శబ్దం మాత్రం ప్రతి ఒక్కదానికీ ఉంది. ఆ శబ్దం మీదే బీబీసీ ఈమధ్య యానిమేషన్ చేయించి అమ్ముతోంది. ఇన్నేళ్ల అభిమానుల స్పందనల్లో ఇంతకంటే ఉపయోగపడినది నాకు కనిపించలేదు.

మరి మాటల్లో చెప్పిన స్పందన సంగతి? 1976లో వచ్చిన 'ద డెడ్లీ అసాసిన్' కథ చూడండి. ఒక ఎపిసోడ్ చివర డాక్టర్ తలను నీళ్లలో ముంచి పట్టినట్టు బొమ్మ నిలిచిపోతుంది. పిల్లలు చూసే కార్యక్రమంలో ఇదేమిటని, టీవీలో హింస, అశ్లీలం మీద పోరాడే మేరీ వైట్‌హౌస్ మండిపడింది, బీబీసీ క్షమాపణ చెప్పుకుంది. అభిమానుల కోపం మాత్రం దానిమీద కాదు. అప్పటిదాకా దేవతల్లా ఊహించుకున్న టైమ్ లార్డ్స్‌ను, అంటే డాక్టర్ జాతివాళ్లను, ఈ కథ పదవుల కోసం పాకులాడే ముసలి రాజకీయ నాయకుల్లా చూపించింది. అదే ఏడాది పుట్టిన అభిమాన సంఘం అధ్యక్షుడు తమ పత్రికలో దాన్ని చీల్చి చెండాడాడు. ఆ కథే తర్వాత సీరీస్ మొత్తంలో ఉత్తమమైనవాటి జాబితాల్లోకి ఎక్కింది. టైమ్ లార్డ్స్ గురించి ఆ తర్వాత రాసిన ప్రతివాళ్లూ అందులోంచే తీసుకున్నారు. మొదటి రాత్రి తీర్పు తప్పని తెలియడానికి ఏళ్లు పట్టింది, అన్నేళ్లు ఆగే తీరిక కూడా అప్పుడు ఉండేది.

పదేళ్ల తర్వాత, 1986లో, 'ద ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్' అనే 14 ఎపిసోడ్ల కథ ముగిసినప్పుడు బీబీసీ తన 'ఓపెన్ ఎయిర్' కార్యక్రమానికి అభిమానుల్ని పిలిచింది. లివర్‌పూల్ సంఘం నుంచి వచ్చిన 16 ఏళ్ల కుర్రాడు రచయితల సమక్షంలోనే కథ పాత చింతకాయ పచ్చడిలా ఉందన్నట్టు ఏకిపారేశాడు. పేరు క్రిస్ చిబ్నల్. 2018లో అదే సీరీస్ బాధ్యత ఆయన చేతికొచ్చింది. 2020 మార్చి 1న వచ్చిన 'ద టైమ్‌లెస్ చిల్డ్రన్' ఎపిసోడ్‌లో డాక్టర్ పుట్టుపూర్వోత్తరాలనే తిరగరాశాడు. అభిమానులు ఆయన్ని వదిలిపెట్టలేదని వేరే చెప్పనక్కర్లేదు. అటు పీటర్ కపాల్డీ 1974లో, 15 ఏళ్ల వయసులో, 'రేడియో టైమ్స్'కు ఈ సీరీస్‌ను పొగుడుతూ ఉత్తరం రాశాడు, 2013లో ఏకంగా డాక్టరే అయ్యాడు. తిట్టినవాడు రచయితా పొగిడినవాడు హీరో అయ్యారని నవ్వుకోవచ్చు గానీ, బయట నిలబడి అరిచిన తరం లోపలికి వచ్చి కూర్చోవడం ఈ సీరీస్‌లకు పెద్ద మలుపు. ఇప్పుడు రాసేవాళ్లకు ఏ మార్పుకు ఎవరు ఏమంటారో ముందే తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు వాళ్లే అన్నారు.

1990ల్లో ఇంటర్నెట్ చర్చాబృందాలు రావడంతో అభిమానికీ రచయితకూ మధ్య ఉన్న తపాలా పెట్టె మాయమైంది. 'బాబిలాన్ 5' సృష్టికర్త జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ యూజ్‌నెట్ అనే చర్చావేదికలో రోజూ అభిమానులతో మాట్లాడేవాడు, తిట్లకు కూడా జవాబిచ్చేవాడు. అందులో చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక అభిమాని సరదాగా ఒక కథ ఆలోచన చెప్పాడు, అలాంటి కథే అప్పటికే ఆయన రాసుకుంటున్నాడు. రేపు నా ఆలోచన కొట్టేశారని దావా వేస్తే? ఆ ఎపిసోడ్‌ను పక్కన పెట్టాల్సి వచ్చింది, అభిమాని అభ్యంతరం లేదని సంతకం చేశాకే అది 1995లో తెరకెక్కింది. రచయితలున్న చోట కథ ఆలోచనలు రాయకూడదన్న కట్టుబాటు ఇలాంటి అనుభవాల నుంచి వచ్చిందే. అదే కాలంలో 'ఎక్స్ ఫైల్స్' అభిమానులు హీరో మల్డర్, హీరోయిన్ స్కల్లీ జంట కావాలా వద్దా అని రెండు వర్గాలుగా చీలిపోయారు. జంట కావాలనేవాళ్లకు 'షిప్పర్' అన్న మాట అక్కడే పుట్టింది.

ఎవరు ముందు చూస్తారన్నది కూడా అప్పటినుంచే పెద్ద టెన్షన్. కొత్త 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' 2004 అక్టోబరులో బ్రిటన్‌లో మొదలై, అమెరికాకు 2005 జనవరిలో గానీ రాలేదు. అమెరికా అభిమానులు అన్ని నెలలు చెవులు మూసుకుని కూర్చోలేదు, దొంగ కాపీలు దింపుకున్నారు. 2013 నవంబరు 23న 'డాక్టర్ హూ' 50 ఏళ్ల ప్రత్యేక ఎపిసోడ్‌ను 94 దేశాల్లో ఒకే సమయానికి వేయడం వెనక, కథ ముందే బయటపడిపోతుందన్న భయం కూడా ఉంది.

నిరసనలకు వస్తే, ఉత్తరాల స్థానంలో వస్తువులు వచ్చాయి. 2007లో సీబీఎస్ చానల్ 'జెరికో'ను ఆపేస్తే అభిమానులు 20 టన్నుల వేరుశనక్కాయలు పంపారు. ఆఖరి ఎపిసోడ్‌లో హీరో అన్న 'నట్స్' అనే మాట అందుకు మూలం. మరో ఏడు ఎపిసోడ్లు వచ్చాయి. 2018 మేలో సైఫై చానల్ 'ద ఎక్స్‌పాన్స్'ను వదిలేసినప్పుడు లక్షకు పైగా సంతకాలు పోగయ్యాయి, అమెజాన్ స్టూడియో మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగిరింది. రెండు వారాలకే అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ ఒక అంతరిక్ష సదస్సులో, ఆ సీరీస్ నటులు ఎదురుగా కూర్చుని ఉండగా, దాన్ని తీసుకుంటున్నామని ప్రకటించాడు. ఆయన స్వయంగా ఆ సీరీస్‌కు మూలమైన నవలల అభిమాని కావడం కలిసొచ్చింది.

నెట్‌ఫ్లిక్స్ సీజన్ మొత్తం ఒకే రోజు విడుదల చేయడం మొదలుపెట్టాక, వారమంతా ఊహాగానాలు చేసే పాత ఆట దెబ్బతింది. ఒకడు రెండో ఎపిసోడ్‌లో ఉంటాడు, ఇంకొకడు తెల్లారేసరికి ముగించేసి ఉంటాడు, ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు? విచిత్రమేమిటంటే, 2020లో అమెజాన్ 'ది బాయ్స్' రెండో సీజన్‌ను వారానికొకటి ఇవ్వబోతే, కథతో పేచీ లేనివాళ్లు కూడా ఒక్క స్టార్ ఇచ్చి కసి తీర్చుకున్నారు. ఈ ఒక్క స్టార్ల దాడి ఇప్పుడు మామూలైపోయింది. 2024లో స్టార్ వార్స్ సీరీస్ 'ద అకోలైట్' మీద జరిగిన దాడి ఎంత గుడ్డిదంటే, పేరు దగ్గరగా ఉన్న పాపానికి 2008 నాటి 'అకోలైట్స్' సినిమాకు కూడా తిట్లు పడ్డాయి. ఆ సినిమాకూ అంతరిక్షానికీ ఏ సంబంధమూ లేదు. సీరీస్ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. దాడి వల్లనా, ఖర్చుకు తగ్గ ప్రేక్షకులు లేకనా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

నిజానికి ఇప్పుడు కంపెనీలకు అభిమాని నోరు విప్పాల్సిన అవసరం తగ్గింది. 1968లో ఎన్‌బీసీకి 1,200 ఇళ్ల లెక్క తప్ప వేరే ఆధారం లేదు కాబట్టి లక్ష ఉత్తరాలకు విలువ వచ్చింది. ఇప్పుడు ఎవరు ఏ ఎపిసోడ్ మొదలుపెట్టారు, ఏ నిమిషంలో ఆపేశారు అన్నదంతా కంపెనీ దగ్గర ఉంది. ఆ లెక్కలో కొంత నెట్‌ఫ్లిక్స్ 2023 డిసెంబరులో బయటపెట్టింది, 18,000కు పైగా టైటిల్స్‌ను ఎన్ని గంటలు చూశారో చెబుతూ. మూడు సీజన్ల కథగా అనుకున్న నెట్‌ఫ్లిక్స్ సీరీస్ '1899' 2022 నవంబరు 17న వచ్చి, టాప్ 10లో నిలిచి కూడా, 2023 జనవరి 2న రద్దయింది. పొడుపుకథ వేసి విప్పకుండా వెళ్లిపోయినట్టయింది.

దీంతో అభిమానుల్లో కొత్త జాగ్రత్త మొదలైంది: కథ పూర్తవుతుందని తేలేదాకా సీరీస్ మొదలుపెట్టకుండా ఆగడం. వాళ్లు ఆగిన ఆ మొదటి వారాలే కంపెనీ ముఖ్యంగా లెక్కపెట్టేది. ఆగినవాళ్లంతా అక్కడ ఆసక్తి లేనివాళ్ల కింద జమ అవుతారు, రెండో సీజన్ రాదు.