బొమ్మ వేయడం వచ్చు, చదవడమే రాదు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ ఫోన్లన్నిటా ఒకటే లెక్క: ప్రకాశం బ్యారేజీకి ఎన్ని లక్షల క్యూసెక్కులు? మొదటి హెచ్చరిక 3.97 లక్షలకు, రెండోది 5.69 లక్షలకు. వరద 11 లక్షలు దాటింది. అయితే సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. 2005లోనూ అది ఊరి మీద పడింది. ఎత్తుపల్లాల పటం చూసే అలవాటు ఉండి ఉంటే, నీళ్లు ఏ వైపు నుంచి వస్తాయో ఆ అంకెల కంటే అదే బాగా చెప్పేది.

బొమ్మతో చెప్పడం ఈ నేలకు కొత్తా? అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. గుండ్రటి చట్రంలో నళగిరి అనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కేస్తుంటుంది, మరో పక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి ఉంటుంది. మేడ మీంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసేవాడే తేల్చుకోవాలి.

అంకెలు బొమ్మలుగా మారింది చాలా తర్వాత. విలియం ప్లేఫెయిర్ 1786లో ఇంగ్లండ్ ఎగుమతి దిగుమతులను గీతలుగా గీశాడు, 1801లో వృత్తాన్ని ముక్కలుగా చేసి వాటాలు చూపే ‘పై’ (pie) చార్టు తెచ్చాడు. ఇక్కడ కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే, 1854లో, లండన్‌లో కలరా వచ్చింది. డాక్టర్ జాన్ స్నో ఏ ఇంట్లో ఎన్ని చావులో పటం మీద గుర్తులు పెడితే అవి చాలావరకు బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూ మూగాయి. తప్పు గాలిది కాదు, నీటిదని ఆయన వాదనకు ఆ పటం బలమిచ్చింది.

మన బడికి ఇవన్నీ సామానుగా వచ్చాయి. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అనే కేంద్ర పథకం ప్రాథమిక పాఠశాలలకు చార్టులు, మ్యాపులు ఇచ్చింది. చిరుగుతాయని వాటిని బీరువాలో పెట్టి, తనిఖీ రోజున మాత్రం గోడకెక్కించిన బళ్లు తక్కువేం కాదు. పరీక్షలో ప్రశ్న ‘పటం గీసి భాగాలు గుర్తించుము’. గుండె బొమ్మకు రంగు పెన్సిళ్లు, గ్రాఫుకు స్కేలు రాయలేదని మార్కు కోత. ఆ గీత ఏం చెబుతోందని అడిగేవాళ్లేరీ? సోషల్‌లో ‘గ్రాఫును విశ్లేషించండి’ అని అడగడం మొదలైంది, మంచిదే. ట్యూషన్లు వెంటనే జవాబు మొదటి వాక్యం బట్టీ పట్టించేశాయి: ‘పై గ్రాఫు తెలియజేయునది...’

ఇప్పుడు చాలా ప్రభుత్వ బడుల్లో గోడకు పెద్ద తెరలున్నాయి. వాటిలో బొమ్మ కదులుతుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. దాన్ని ఆపి, ‘గ్రాఫులో నిలువు గీత సున్నా నుంచే మొదలైందా, లేక చిన్న తేడాను పెద్దగా చూపిస్తోందా, చూడండి’ అని చర్చ పెట్టే టీచరు ఆ పీరియడ్‌లో అర పేజీ కూడా దాటలేడు. పై నుంచి అడిగేది సిలబస్ ఎంతయిందనే.