తీగ కలిసినంత మాత్రాన బొమ్మ రాదు

కోనసీమలో పాత డబ్బా టీవీని పారెయ్యడం అంత తేలిగ్గా జరగదు. హాల్లోకి పలచటి టీవీ వస్తే ఇది మేడ మీద గదిలోకి ఎక్కుతుంది, లేదంటే రొయ్యల చెరువు గట్టున కాపలా షెడ్డుకి చేరుతుంది. బొమ్మ బాగానే వస్తుంటే ఎందుకు పారెయ్యాలి మరి? సంక్రాంతికి హైదరాబాద్ నుంచి దిగిన పిల్లలు లాప్‌టాప్‌లో ఉన్న పెళ్ళి వీడియో అందరికీ చూపిద్దామనుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది. లాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ. టీవీ వెనక ఉన్నవి పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న వైరు అమలాపురంలో అడిగితే దొరుకుతుంది. తెచ్చి గుచ్చితే టీవీలో ఏమీ రాదు. మర్నాడు ఆ వైరు మెకానిక్ బల్ల మీదికి వస్తుంది.

"పిన్ను సరిగ్గానే పట్టింది కదయ్యా, బొమ్మెందుకు రాదు?"

"ఆయ్, పిన్ను పడుతుందండి. లోపలొచ్చే సరుకే వేరండి బాబాయ్‌గారూ. వైరు చాలదండి, బాక్సు కావాలండి."

ఆ మెకానిక్ మాటలో మొత్తం సంగతంతా ఉంది. డబ్బా టీవీకి బొమ్మంటే ఎక్కుతూ దిగుతూ ఉండే వోల్టేజీ. లాప్‌టాప్‌కి బొమ్మంటే అంకెల పట్టిక. ఒకదాన్ని రెండోదిగా మార్చే పని రాగి తీగ చెయ్యలేదు.

ముందు టీవీ సంగతి. పిక్చర్ ట్యూబు వెనక నుంచి ఎలక్ట్రాన్ల ధార వచ్చి తెర లోపలి పూతకి తగులుతుంది. తగిలిన చోట వెలుగు. చుట్టూ ఉన్న కాయిల్స్ ఆ ధారని ఎడమ నుంచి కుడికి లాగుతూ, గీత తర్వాత గీతగా కిందికి దింపుతాయి. మన దేశంలో వాడిన పద్ధతిలో ఒక బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అంటే సెకనుకి 15,625 గీతలు. డబ్బా టీవీ ఆన్ చెయ్యగానే చెవిలో సన్నగా కూత పెడుతోందని పిల్లలంటే పెద్దలు నమ్మరు గానీ, ఆ కూత నిజమే. అది ఈ గీతల వేగమే. వయసు పెరిగే కొద్దీ అంత సన్నటి శబ్దాలు చెవికి ఆనవు.

625లో బొమ్మ ఉండేది 576 గీతల్లోనే. మిగిలినది ధార మళ్ళీ పైకి వెళ్ళడానికి పట్టే సమయం. ఇంకో కిటుకు ఏమిటంటే, ఈ గీతలన్నీ ఒక్క ఊపులో గీయరు. రబీలో గోదావరి నీళ్ళు చాలనప్పుడు కాలవలకి వంతుల వారీగా వదిలినట్టు, ముందు బేసి గీతలు, ఆ తర్వాత సరి గీతలు. ఒక్కో వంతు సెకనులో 50వ భాగం. కంటికి రెండూ కలిసి ఒకే బొమ్మగా కనిపిస్తాయి. సగం సరుకుతో సెకనుకి 50 సార్లు తెర నింపినట్టు చూపించే ఈ ఏర్పాటు నా దృష్టిలో గొప్ప పొదుపు. కానీ లాప్‌టాప్ బొమ్మకి అదే శత్రువు. తెర మీద తెరుచుకునే విండో అంచులో ఒక్క చుక్క మందం ఉండే అడ్డగీత ఒకే వంతులో పడుతుంది. సెకనుకి 25 సార్లే వెలుగుతుంది కనక కళ్ళ ముందు అదురుతూ ఉంటుంది.

ఈ కథంతా పసుపు పిన్నులోంచి ఒక్క తీగ మీద వెళ్ళాలి. మొత్తం ఊగిసలాట ఒక వోల్టే. నలుపుకీ పూర్తి తెలుపుకీ మధ్య సుమారు 0.7 వోల్టులు. నలుపు కన్నా ఇంకో 0.3 కిందికి పడితే, అది "గీత అయిపోయింది, కొత్తది మొదలుపెట్టు" అన్న సైగ. ఈ సైగ అందకపోతే బొమ్మ నిలవదు, అడ్డంగా చీలికలై పక్కకి జారిపోతుంది.

హెచ్‌డీఎంఐలో ఇవేవీ లేవు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. సెకనుకి 60 బొమ్మలు. అంకెలన్నీ కలిపి సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు (సున్నాలు, ఒకట్లు) పరిగెడుతుంటాయి. పాత లాప్‌టాప్‌ల వీజీఏ సాకెట్లోంచి (తెరకి కలిపే పాత రకం సాకెట్) వచ్చేది అంకెలు కాదు, వోల్టేజీయే కదా అంటారు కొందరు. నిజమే, కానీ అందులో గీతల వేగం కనీసం రెట్టింపు, వంతులు లేవు, మూడు రంగులకీ మూడు తీగలు. మామూలు వీజీఏ వైరు కూడా అందుకే ఇక్కడ పనికిరాదు.

బాక్సు చేసేది ఈ మార్పిడే. ముందు లాప్‌టాప్‌కి తనే ఒక తెరనని చెప్పుకుంటుంది. వచ్చిన అంకెల్ని తన మెమరీలో పెట్టుకుని, 1080 గీతల్ని 576కి కుదించి, బేసి సరి విడదీసి, సైగలు కలిపి వోల్టేజీగా వదులుతుంది. ఇంత పని చెయ్యాలి కనక దానికి 5 వోల్టుల కరెంటు కావాలి. ఏ ఎలక్ట్రానిక్సూ లేని ఉత్తి వైరు ఈ పని చేస్తుందని ఎవరన్నా అంటే నమ్మకండి. బాక్సుల్లో కూడా రెండు రకాలు, చూడ్డానికి కవల పిల్లలు: ఒకటి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (అంటే మూడు రంగుల పిన్నులకి), రెండోది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి. మనకి కావలసింది మొదటిది. రెండోదాన్ని తిరగేసి పెడితే పని చెయ్యదు.

బాక్సు పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్ ఉంటుంది. బొమ్మ తెలుపు నలుపులో వస్తోందంటే ముందు దాన్ని చూడాలి. పాల్ అనేది జర్మనీలో టెలిఫుంకెన్ ఇంజనీరు వాల్టర్ బ్రుఖ్ రూపొందించిన రంగుల పద్ధతి. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఏడాది దూరదర్శన్‌కి రంగులొచ్చినప్పుడు మనం తీసుకున్నది అదే. పాల్‌లో రంగుల సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ (మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి పది లక్షల ఊపులు) దగ్గర ఉంటుంది, అమెరికా వాళ్ళ ఎన్‌టీఎస్‌సీలో 3.58 దగ్గర. పాల్ మాత్రమే తెలిసిన టీవీ రంగు కోసం తప్పు చోట వెతికి, దొరక్క ఊరుకుంటుంది.

వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి రావడం వల్ల ఇంకో తమాషా జరుగుతుంది. పెళ్ళి వీడియోలో సన్న చారల చొక్కా వేసుకున్న మావయ్య నడిచొస్తుంటే చొక్కా మీద లేని ఇంద్రధనుస్సు రంగులు పాకుతాయి. ఆ చారలు అటూ ఇటుగా 4.43 మెగాహెర్ట్జ్ వేగంతో వెలుగు నీడల్ని మారుస్తాయి, టీవీ వాటిని రంగు అనుకుంటుంది. బాక్సు పాడైందని టెన్షన్ పడక్కర్లేదు.

అక్షరాల దగ్గరే అసలు నష్టం. ఒక్కో గీతలో బొమ్మ ఉండేది 52 మైక్రోసెకన్లు. ఈ సిగ్నల్ మోయగలిగేది 5 మెగాహెర్ట్జ్ దాకానే. అంటే గీతకి 260 ఊపులు, ఒక్కో ఊపుకి ఒక వెలుగు చుక్క, ఒక నీడ చుక్క. లెక్కేస్తే ఒక గీతలో విడివిడిగా కనిపించే చుక్కలు సుమారు 520. లాప్‌టాప్ పంపినవి 1920! శుభలేఖ తెరిచి చూడండి, "లక్ష్మి"లో కింద వత్తులు కలిసిపోయి చిన్న నల్లమచ్చ అవుతుంది. ఎంత ఖరీదైన బాక్సు పెట్టినా ఇంతే. అందుకే వీడియోలకీ క్రికెట్‌కీ ఈ ఏర్పాటు హాయిగా సరిపోతుందని చెప్తాను, చెరువు మేత లెక్కల ఎక్సెల్ షీటుకి మాత్రం వద్దంటాను.

కొన్ని సర్దుబాట్లు చేసుకోవచ్చు. మనుషులు పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంటే లాప్‌టాప్‌ని 1024×768కి మార్చండి, చాలా బాక్సులతో కొలతలు కుదురుతాయి. 50 హెర్ట్జ్ (సెకనుకి 50 బొమ్మలు) ఎంచుకునే వీలుంటే అదే మేలు. 60 పెడితే ప్రతి ఆరు బొమ్మల్లో ఒకటి వదిలెయ్యాల్సి వచ్చి, మెల్లగా కదిలే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. డబ్బా టీవీ అంచుల్ని కొంత మింగేస్తుంది కాబట్టి కింది పట్టీ కనిపించకపోతే గాభరా పడొద్దు. సొంత వీడియోలు బాగా వస్తూ డబ్బు కట్టి చూసే సినిమాలకి మాత్రం తెర నల్లబడితే, అది కాపీ కాకుండా పెట్టిన తాళం. కొత్త లాప్‌టాప్‌కి టైప్-సీ ఒక్కటే ఉంటే, అందులోంచి వీడియో వస్తుందో లేదో ముందే కనుక్కోండి. అన్నిట్లోంచీ రాదు.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్ళలో అయితే పసుపు సాకెట్ లోపలికి ఒకసారి టార్చి వేసి చూడాలి. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది. టీవీ ఆపేసి పిన్నుని లోపలే నాలుగైదు సార్లు తిప్పితే చాలాసార్లు బొమ్మ తేటపడుతుంది. వెనక మూత మాత్రం విప్పకండి, ట్యూబు దగ్గర 20 వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా కొంత నిలవుంటుంది.

ఇంకా పాత టీవీలకి మూడు రంగుల సాకెట్లే ఉండవు, ఏంటెనాది ఒక్కటే. అప్పుడు బాక్సు తర్వాత ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనేది ఇంకోటి కావాలి. అది బొమ్మనీ మాటనీ కలిపి టీవీ ఛానెల్‌గా మారుస్తుంది. అటక మీద వీసీఆర్ ఉంటే కొనక్కర్లేదు, దాన్లోనే మాడ్యులేటర్ ఉంటుంది. బాక్సు పిన్నుల్ని వీసీఆర్ ఏవీ ఇన్‌లో పెట్టి, ఏంటెనా వైరు టీవీకిచ్చి, ఛానెల్ ట్యూన్ చేసుకోవాలి. క్యాసెట్లు చూడ్డానికి మాత్రమే కొన్న వీసీపీకి మామూలుగా ఏవీ ఇన్ ఉండదు, దాన్ని దింపడం దండగ.