తగలకుండా తిరిగే షాఫ్ట్

"తొంభై ఏళ్ళు దాటిన కారు ఇంజను ఇంకా ఎలా తిరుగుతోందండీ? లోపల లోహాలు ఒకదానికొకటి రాసుకుని ఎప్పుడో అరిగిపోయి ఉండాలి కదా" అని ఒక పాఠకుడు అడిగారు. బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించిన ఇన్విక్టా ఎస్-టైప్ వీడియో ఒకటి చూశాక ఆయనకి వచ్చిన అనుమానమిది. చాలా మంచి ప్రశ్న. ఇంజను సరిగ్గా తిరుగుతున్నంతసేపూ లోపల తిరిగే షాఫ్ట్‌ని పట్టి ఉంచే బేరింగుల్లో లోహాలు అసలు తగలవు, ఆయన నమ్మలేనిది అదే.

ముందు కారు సంగతి రెండు ముక్కల్లో. ఇన్విక్టా ఇంగ్లండులో నోయెల్ మాక్లిన్ పెట్టిన కంపెనీ. ఎస్-టైపులు మొత్తం డెబ్బై అయిదు, అటూ ఇటూగా అంతే తయారయ్యాయి. ఇంజను వోల్వర్‌హాంప్టన్‌లోని హెన్రీ మెడోస్ కంపెనీది, ఆరు సిలిండర్లు, నాలుగున్నర లీటర్లు. 1931 జనవరిలో డోనల్డ్ హీలీ ఈ కారుని నార్వేలోని స్టావంగర్ నుంచి యూరప్ అంతా దాటించి మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. దారిలో జారి టెలిగ్రాఫ్ స్తంభాన్ని గుద్దుకుని వెనక ఒక బ్రేకు పోతే, మిగిలిన మూడిటితోనే బండి లాగించాడు. అంతకు ముందు 1927లో వయొలెట్ కార్డరీ అనే ఆవిడ ఇదే కంపెనీ పాత మోడల్లో ప్రపంచం చుట్టి వచ్చింది, మన దేశం మీదుగా కూడా. ఎస్-టైప్ గురించి మాట్లాడేవాళ్ళంతా నేలకి ఆనుకున్నట్టుండే దాని ఛాసిస్‌ని పొగుడుతారు. నా మనసు మాత్రం ఇంజను అడుగున, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ కూర్చునే బేరింగుల దగ్గరే ఉంటుంది.

1883లో బీచమ్ టవర్ అనే ఇంజనీరు లండన్‌లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నాలుగంగుళాల షాఫ్ట్, దాని నెత్తిన బరువు మోసే బేరింగు, కింద నూనె తొట్టి. నూనె పోయడానికని బేరింగు నడినెత్తిన ఒక కన్నం వేశాడు. షాఫ్ట్ తిప్పితే నూనె లోపలికి పోవాల్సింది పోయి ఆ కన్నంలోంచే పైకి పొంగి వచ్చింది. బిరడా పెట్టాడు, తన్నేసింది. చెక్క మేకు కొట్టాడు, అదీ మెల్లగా పైకి లేచి వచ్చేసింది. ప్రెషర్ గేజ్ బిగిస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటి స్కేలు చివరికి పోయింది. బేరింగు మీద పెట్టిన బరువు సగటున 100 పౌండ్లే! అంటే బరువుని మోస్తున్నది లోహం కాదు, నూనె. మూడేళ్ళ తర్వాత ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త దీనికి గణితం కట్టాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ సమీకరణాన్ని పరీక్ష కోసం బోర్డు నిండా రాయిస్తారు గానీ ఆ చెక్క మేకు కథ చెప్పరు. మేకు కథ ముందు చెబితే సమీకరణం ఎందుకు పుట్టిందో పిల్లలకి వెంటనే తెలుస్తుంది, ఇది నా గట్టి అభిప్రాయం.

వానలో వేగంగా పోతున్న కారు టైరు నీళ్ళమీద తేలిపోయి బ్రేకు పట్టకపోవడం మీరు వినే ఉంటారు. టైరు ముందు నీళ్ళు సన్నబడుతున్న సందులోకి తోసుకుపోతాయి, పక్కలకి జారుకునే టైము ఉండదు, ఒత్తిడి పెరిగి టైరునే పైకి లేపేస్తాయి. షాఫ్ట్‌కి జరిగేదీ ఇదే. షాఫ్ట్ దూరే బేరింగు రంధ్రం కంటే షాఫ్ట్ కాస్త సన్నం, అందుకని మధ్యలో కాకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, ఆ పక్క సందు సన్నబడుతుంది. షాఫ్ట్‌కి అంటుకున్న నూనె దాంతోపాటే తిరుగుతూ ఆ సందులోకి దూరి ఇరుక్కుని షాఫ్ట్‌ని ఎత్తి పట్టుకుంటుంది. తేడా ఒకటుంది. టైరు దగ్గర ఎక్కువగా పనిచేసేది నీళ్ళని ఆ వేగంతో పక్కకి నెట్టడం వల్ల పుట్టే ఒత్తిడి, బేరింగు దగ్గర నూనె జిగట. షాఫ్ట్ వ్యాసం 60 మిల్లీమీటర్లు, నిమిషానికి 2000 చుట్లు అనుకుంటే దాని ఉపరితలం సెకనుకి ఆరు మీటర్ల పైన కదులుతోంది. అంత వేగంతో లోపలికి లాగిన నూనె పొర, బాగా ఇరుకైన చోట కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. మన వెంట్రుక డెబ్బై మైక్రాన్లు!

ఈ పోలిక ఇంకా లాగొచ్చు. టైరు మీద గాళ్ళు ఎందుకు? నీళ్ళు తప్పించుకుపోయి ఒత్తిడి పడిపోవడానికి. అరిగి నున్నబడ్డ టైరు ఊరికే తేలుతుంది. బేరింగులో మనకి కావలసింది తేలడమే, కనుక బరువు పడేచోట అది నున్నగా ఉండాలి. తెలియని మెకానిక్ "నూనె బాగా అందాలి" అని సరిగ్గా అక్కడే గాడి కోస్తే, ఒత్తిడంతా ఆ గాడిలోంచి జారిపోయి షాఫ్ట్ వెళ్ళి లోహం మీద కూర్చుంటుంది. టవర్ వేసిన కన్నం కూడా అలాంటి చోటే పడింది.

వేగం తగ్గితే టైరు మళ్ళీ రోడ్డు పట్టుకుంటుంది కదా, అలాగే ఇంజను ఆగగానే షాఫ్ట్ దిగి లోహాన్ని తాకుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసిన మొదటి కొన్ని క్షణాలు రాపిడే. రోజంతా పరిగెత్తడం బేరింగుకి పెద్ద కష్టం కాదు, చలిలో స్టార్ట్ అవడం కష్టం. స్టావంగర్ జనవరి చలిని తలుచుకోండి, చలికీ వేడికీ రెండిటికీ పనికొచ్చే మల్టీగ్రేడ్ నూనెలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గానీ రాలేదు. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టి, అప్పుడప్పుడూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే పాతకారు మీద నాకు జాలి అందుకే.

ఆ మొదటి క్షణాల కోసమే బేరింగు లోపల పొరలా పోసే వైట్ మెటల్. 1839లో ఐజాక్ బాబిట్ కనిపెట్టిన మిశ్రమం ఇది, ఎక్కువ భాగం తగరం, కొంచెం యాంటిమొనీ, కొంచెం రాగి. మెత్తటి తగరంలో తగరమూ యాంటిమొనీ కలిసిన గట్టి ఘనాకార స్ఫటికాలు ఉంటాయి. అవి తేలిక, పోతపోసేటప్పుడు పైకి తేలిపోవాలి. అలా కాకుండా రాగీ తగరమూ కలిసి ముందుగానే సూదుల్లా గడ్డకట్టి వల అల్లి వాటిని ఎక్కడివక్కడ ఆపుతాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటు! పైగా ఆ రోజుల్లో సరైన ఆయిల్ ఫిల్టర్లు లేవు, చాలావాటికి జల్లెడే. మట్టిరోడ్ల ఇసుక రేణువు నూనెలో వస్తే మెత్తటి వైట్ మెటల్ దాన్ని తనలో దిగేసుకుంటుంది, షాఫ్ట్ గీసుకుపోదు. నూనె పూర్తిగా అందకపోతే ముందు తనే కరిగిపోతుంది. దీని బలహీనత అలసట, దెబ్బ మీద దెబ్బ పడి పగుళ్ళొస్తాయి. అందుకే తర్వాతి ఇంజన్లలో షెల్ బేరింగులు, అంటే విడిగా చేసి లోపల అమర్చే పలచటి రేకులు వచ్చాయి.

బాగుచేసేవాళ్ళు పాత మెటల్ కరిగించి తీసి, పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌కి కళాయి పూసి, మధ్యలో పెట్టే కడ్డీకి అంటుకోకుండా మసి పట్టించి, కొత్త మెటల్ పోస్తారు. చల్లారాక సుత్తితో చిన్నగా తట్టి వింటారు. ఖంగుమంటే పట్టు కుదిరింది, బొదబొదమంటే లోపల ఊడి ఉంది, మళ్ళీ మొదటికి.

మన దగ్గర ఆయుధపూజకి బండికి పసుపు కుంకుమ పెట్టి టైరు కింద నిమ్మకాయ తొక్కిస్తాం. చక్కగా చెయ్యండి, ఇంట్లోవాళ్ళకి అదొక పండగ. అదే పూట డిప్‌స్టిక్ తీసి నూనె ఎంత ఉందో కూడా చూడండి, బేరింగుని కాపాడేది అదే.

చాలాకాలం నిలబెట్టిన పాత ఇంజన్ని నేరుగా స్టార్ట్ చెయ్యకూడదు. స్పార్క్ ప్లగ్గులు విప్పేసి, ఇగ్నిషన్ ఆపి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఊరికే తిప్పాలి. ప్లగ్గులు లేకపోతే సిలిండర్లో గాలి నొక్కుకోదు, బేరింగు మీద బరువు బాగా తగ్గుతుంది, నూనె చేరేలోపు జరిగే రాపిడి కూడా అంతే తక్కువ. ఆ తర్వాత ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేసి, మరీ నెమ్మదిగా కాకుండా కాస్త పైవేగంలోనే వేడెక్కనివ్వాలి, ఎందుకంటే చుట్లు తగ్గినకొద్దీ ఆ నూనె పొర పలచబడుతుంది.